పగటి నీలం, చీకటి నీలం: బెనిటోయిట్ ప్రతిదీప్తి గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

మాటల కంటే ముందు ఒకటి చూపిస్తాను. నా చేతిలో ఉన్న ఈ రాతి పలక అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, శాన్ బెనిటో కౌంటీ నుంచి వచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంది. ఇందులో తెల్లగా పరుచుకున్నది నాట్రోలైట్ అనే ఖనిజం. నల్లగా నిగనిగలాడుతున్న పొడుగాటి స్ఫటికాలు నెప్ట్యునైట్. ఆ రెంటి మధ్య నీలంగా, చిన్న చిన్న త్రికోణాల్లా కనిపిస్తున్నవే బెనిటోయిట్. ఇవాళ మన మాటలన్నీ దాని గురించే. ముందు వరసలో వాళ్లందరూ కళ్లద్దాలు పెట్టుకున్నారు కదా? సరే, లైట్లు తీసేయండి.

(హాల్లో లైట్లు ఆర్పారు. వక్త షార్ట్‌వేవ్, అంటే పొట్టి తరంగాల, అతినీలలోహిత లాంప్ వెలిగించారు.)

చూడండి. తెల్లరాయి మసకబారిపోయింది. నల్ల స్ఫటికాలు చీకట్లో కలిసిపోయాయి. త్రికోణాలు మాత్రం వెలుగుతున్నాయి. గ్యాస్ పొయ్యి మంట ఉంటుందే, దాదాపు ఆ రంగు. వెనక వరసల్లో ఉన్నవాళ్లకు కూడా కనిపిస్తోందనుకుంటాను. ఈ రాయిని ఇలా ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అయినా లాంప్ వెలిగిన ప్రతిసారీ నాకు మాట ఆగిపోతుంది.

ఇది చూడగానే ఎవరికైనా మొదట తట్టేది ఒకటే. రాయి నీలం కాబట్టి నీలంగా వెలుగుతోంది, అంతే కదా అని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అది నిజం కాదు. పగలు మనకు కనిపించే నీలం వేరు, ఇప్పుడు చీకట్లో కనిపిస్తున్న నీలం వేరు. రెండూ ఒకే రాయిలో ఉన్నాయి, కానీ రెంటికీ కారణాలు వేరు. ఈ ఒక్క సంగతి మీకు బాగా అర్థమయ్యేలా చెప్పాలనే నా తాపత్రయం.

లాంప్ ఇంకా ఆపలేదు. దీని పక్కన ఇంకో ముక్క పెడుతున్నాను. ఇదీ అలాగే వెలుగుతోంది కదా? ఇప్పుడు హాల్లో లైట్లు వేయండి.

(లైట్లు వేశారు.)

రెండో ముక్క రంగు చూడండి. దీనికి రంగే లేదు! నీళ్లలా తెల్లగా ఉంది. ఇది కూడా బెనిటోయిటే, అదే గని నుంచి వచ్చింది. బెనిటోయిట్‌లో నీలంవి, లేత నీలంవి, ఏ రంగూ లేనివి అన్నీ దొరుకుతాయి. ఒకే స్ఫటికంలో మధ్య భాగం తెల్లగా, అంచులు నీలంగా ఉండటం కూడా మామూలే. రంగు ఉన్నా లేకపోయినా ఈ లాంప్ కింద నీలంగా వెలుగుతుంది. అంటే వెలుగు ఆ రంగులోంచి రావడం లేదన్నమాట.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. ఈ త్రికోణపు పలకని ఎదురుగా, బల్లపరుపు ముఖంలోంచి చూస్తే లేతగా, దాదాపు రంగులేనట్టు ఉంటుంది. పక్కనుంచి చూస్తే చిక్కటి నీలం. కాంతి ఏ దిశలో కంపిస్తూ స్ఫటికంలోంచి వెళ్తోందన్న దాన్నిబట్టి రంగు మారిపోతుంది. అందుకే ఈ రాయిని సానబట్టేవాళ్లు స్ఫటికం ఎటు తిరిగి ఉందో చూసుకుని గానీ కోయరు. తప్పు దిక్కులో కోస్తే నీలమంతా పోతుంది. లాంప్ కింద వచ్చే వెలుగుకి ఆ పేచీ లేదు, రాయిని ఎటు తిప్పినా వెలుగుతూనే ఉంటుంది.

ఈ రాయి దొరికిన కథ కొంచెం చెప్పాలి. 1907లో జేమ్స్ కౌచ్ అనే ఆయన ఖనిజాల కోసం డయాబ్లో పర్వతాల్లో, శాన్ బెనిటో నది పుట్టే చోటికి దగ్గర్లో కొండలు గాలిస్తుంటే ఈ నీలి స్ఫటికాలు కంటబడ్డాయి. చూసినవాళ్లలో కొందరు గాజన్నారు, కొందరు నీలమన్నారు. మన భాషలో నీలం అంటే రంగూ అదే, రత్నమూ అదే. ఇంగ్లీషులో సఫైర్ అనే ఆ రత్నం. పొరపాటు పడటంలో వింత లేదు. రంగు ఒకటే, మెరుపూ ఒకటే. కాంతిని వంచే గుణం, అంటే వక్రీభవన గుణకం, రెంటికీ చాలా దగ్గరగా ఉంటుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రవేత్త జార్జ్ లౌడర్‌బ్యాక్ చేతికి ఆ రాళ్లు చేరాయి. ఆయన పరీక్షించి, ఇది నీలం కాదు, అసలు ఇంతవరకూ ఎవరికీ తెలియని కొత్త ఖనిజం అని అదే ఏడాది ప్రకటించారు. దొరికిన చోటి పేరే పెట్టారు. రసాయన విశ్లేషణ రసాయన శాస్త్రవేత్త వాల్టర్ బ్లాస్‌డేల్ చేశారు. బేరియం ఒక పాలు, టైటానియం ఒక పాలు, సిలికాన్ మూడు, ఆక్సిజన్ తొమ్మిది. బేరియం టైటానియం సిలికేట్. ఆ టైటానియాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

స్ఫటిక శాస్త్రం చదివినవాళ్లకి ఈ రాయి అంటే ఇంకో ప్రేమ. స్ఫటికాల సౌష్ఠవం, అంటే తిప్పినా అద్దంలో చూసినా ఒకేలా కనిపించే తీరు, 32 తరగతులకు మించి ఉండదని 1830లోనే ఖనిజ శాస్త్రవేత్త జోహాన్ హెస్సెల్ లెక్కకట్టి చెప్పారు. అందులో ఒక తరగతికి ప్రకృతిలో సరైన ఉదాహరణ దొరకలేదు. కాగితం మీద ఉంది, రాతిలో లేదు. 77 ఏళ్ల తర్వాత ఈ త్రికోణాలు వచ్చి ఆ ఖాళీ గడిని పూరించాయి. 1930లో జకారియాసెన్ అనే శాస్త్రవేత్త ఎక్స్‌రేలతో దీని లోపలి అమరికని తేల్చారు. సిలికాన్, ఆక్సిజన్ కలిసి మూడేసి చొప్పున ఉంగరాల్లా కట్టుకున్నాయని అప్పుడు తెలిసింది. ఆ ఉంగరాలకీ ఇవాళ్టి వెలుగుకీ సంబంధం ఉంది.

ముందు వెలుగు సంగతి. దీన్ని మన పుస్తకాల్లో ప్రతిదీప్తి అంటాం, వాడుకలో ఫ్లోరోసెన్స్. ఆ మాట పుట్టించింది భౌతిక శాస్త్రవేత్త జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్, 1852లో. ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరులోంచి తీసుకున్నారు. ఆయన చేసిన ప్రయోగం చాలా సులువు, చాలా అందమైనది. సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీశారు. క్వినైన్ ద్రావణం ఉన్న గాజు గొట్టాన్ని ఎరుపు నుంచి ఊదా వైపు మెల్లగా జరుపుతూ వెళ్లారు. ఎరుపులో ఏమీ లేదు. పచ్చలో ఏమీ లేదు. ఊదా చివర దాటి, కంటికి ఏ కాంతీ కనిపించని చోటికి వెళ్లాక గొట్టం నీలంగా వెలిగింది! అక్కడ కాంతి ఉంది, మన కంటికి అందట్లేదు, అంతే. క్వినైన్ ఆ కాంతిని మింగి, కంటికి అందే కాంతిగా మార్చి బయటికి పంపింది. మింగిన కాంతి కంటే బయటికొచ్చిన కాంతి తరంగదైర్ఘ్యం ఎక్కువ ఉంటుందని, అంటే శక్తి తక్కువ ఉంటుందని ఆయన గమనించారు. ఇప్పటికీ ఆ తేడాని స్టోక్స్ పేరుతోనే పిలుస్తారు.

లెక్కలో చెబుతాను. ఈ లాంప్‌లోంచి వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం 254 నానోమీటర్లు. ఒక్కో కాంతి కణం దగ్గర దాదాపు 4.9 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. నీలి కాంతి 450 నానోమీటర్ల దగ్గర అనుకుంటే దాని శక్తి 2.8 లోపే. మిగతాది ఏమైంది? స్ఫటికంలో పరమాణువులు అల్లల్లాడటానికి ఖర్చయింది. అంటే వేడిగా మారింది. ఎలక్ట్రాన్ ఒక్క దూకులో అటక మీదికి ఎక్కుతుంది. ఎక్కాక కాస్త సర్దుకుని, కొంత కిందికి జారి, అక్కడ్నుంచి దూకుతుంది. ఆ చివరి దూకుడే మనం చూసే వెలుగు.

ఇంతకీ ఆ ఎలక్ట్రాన్ ఎవరిది? ఇక్కడ టైటానియం దగ్గరికి వద్దాం. ఈ స్ఫటికంలో ఒక్కో టైటానియం చుట్టూ ఆరు ఆక్సిజన్లు కాపలాగా ఉంటాయి. టైటానియం తన బయటి ఎలక్ట్రాన్లు నాలుగింటినీ ఇచ్చేసి ఖాళీగా ఉంటుంది. 254 నానోమీటర్ల కాంతి తగలగానే పక్కనున్న ఆక్సిజన్ నుంచి ఒక ఎలక్ట్రాన్ టైటానియం మీదికి దూకుతుంది. అక్కడ ఎక్కువసేపు ఉండలేదు, తిరిగి వచ్చేస్తుంది. వచ్చేటప్పుడు నీలి కాంతి విడుదలవుతుంది. వెలుగుతున్నది ఈ జంట, టైటానియం, దాని చుట్టూ ఉన్న ఆక్సిజన్లు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. ప్రతిదీప్తి చూపే చాలా ఖనిజాల్లో వెలుగుకి కారణం ఎక్కడో కొద్దిగా కలిసిన మలినం. కాల్సైట్ ఎర్రగా వెలిగితే ఆ గొప్పతనం కాల్సియానిది కాదు, అందులో దూరిన మాంగనీసుది. బెనిటోయిట్ అలా కాదు. టైటానియం దీనికి మలినం కాదు, దీని ఒళ్లే. టైటానియం లేకపోతే బెనిటోయిటే లేదు. అందుకే నీలంగా ఉన్నా, తెల్లగా ఉన్నా, ఏ ముక్కయినా వెలుగుతుంది. పగటి రంగు ముక్క ముక్కకీ మారుతుంది. ఈ వెలుగు మాత్రం దాని పుట్టుకతోనే వచ్చింది.

మరి టైటానియం ఉన్న ప్రతి రాయీ వెలగాలి కదా అని మీకు అనుమానం రావాలి. రూటైల్ ఉంది. అది పూర్తిగా టైటానియం, ఆక్సిజనే. లాంప్ కింద పెడితే ఇలాంటి నీలి వెలుగు ఏమీ రాదు. ఎందుకంటే రూటైల్‌లో టైటానియం గుంపులు ఒకదానికొకటి అంచులు కలుపుకుని, గొలుసులా ఉంటాయి. ఒకచోట పుట్టిన శక్తి పక్కదానికి, దాన్నించి ఇంకోదానికి పాకుతూ పోయి, ఎక్కడో లోపం ఉన్న చోట వేడిగా ఆరిపోతుంది. బెనిటోయిట్‌లో మూడేసి సిలికాన్ల ఉంగరాలు అని చెప్పానే, అవి మధ్యలో నిలబడి టైటానియం గుంపులను ఒకదాని నుంచి ఒకటి విడదీస్తాయి. ఎవరిల్లు వాళ్లది. శక్తి పక్కింటికి పారిపోలేదు, పుట్టిన చోటే వెలుగుగా బయటపడాలి. నాకు ఈ రాయిలో అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే. సిలికేట్ ఉంగరం తను వెలగదు, కానీ అది లేకపోతే ఈ వెలుగు లేదు.

ఇదే అమరిక ఉన్న ఇంకో ఖనిజం పాబ్‌స్టైట్. అదీ కాలిఫోర్నియాదే, 1965లో పేరు పెట్టారు. అందులో టైటానియం స్థానంలో ఎక్కువగా తగరం ఉంటుంది, టైటానియం కొద్దిగానే. దానికి నీలం రంగు లేదు. అయినా షార్ట్‌వేవ్ కింద నీలి తెలుపుగా వెలుగుతుంది.

ఇక ఈ పలకలో నల్లగా ఉన్న నెప్ట్యునైట్ సంగతి. అందులోనూ టైటానియం ఉంది, సిలికేటే కూడా. మరి ఎందుకు చీకట్లో కలిసిపోయింది? ఇనుము. నెప్ట్యునైట్‌లో ఇనుము దండిగా ఉంటుంది. ప్రతిదీప్తికి ఇనుమంత శత్రువు ఇంకోటి లేదు. వచ్చిన శక్తిని పట్టుకుని, వెలుగు పుట్టకముందే వేడి కింద మార్చేస్తుంది. ఒకే పగులులో, ఒకే వేడి నీళ్లలోంచి పక్కపక్కన పెరిగిన రెండు టైటానియం సిలికేట్లు. ఒకటి వెలుగుతుంది, ఒకటి వెలగదు. ఈ పలకని నేను ప్రతిచోటికీ మోసుకెళ్లేది అందుకే.

ఇప్పుడు ఇంకో నీలి సిలికేట్ చూపిస్తాను. సోడలైట్. 1811లో గ్రీన్‌లాండ్ నుంచి వచ్చిన రాయిని పరీక్షించి రసాయన శాస్త్రవేత్త థామస్ థామ్సన్ దీన్ని వర్ణించారు. ఇందులో సోడియం ఎక్కువ ఉంటుంది కాబట్టి ఆ పేరు. దీనికి షార్ట్‌వేవ్ కాదు, లాంగ్‌వేవ్ లాంప్ వాడుతున్నాను, 365 నానోమీటర్లు. లైట్లు తీయండి.

(లైట్లు ఆర్పారు.)

నారింజ రంగు! ముదురు నీలం రాయి నిప్పులా నారింజగా వెలుగుతోంది. పగటి రంగుకీ చీకటి వెలుగుకీ సంబంధం లేదని చెప్పడానికి ఇంతకంటే సూటిగా ఇంకేం కావాలి? సోడలైట్‌లో అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసి పంజరాల్లా కడతాయి. ఒక్కో పంజరంలో ఒక క్లోరిన్ ఉంటుంది. కొన్ని పంజరాల్లో క్లోరిన్‌కి బదులు రెండు గంధకం పరమాణువుల జంట, ఒక ఎలక్ట్రాన్ ఎక్కువగా పెట్టుకుని కూర్చుంటుంది. ఆ జంటే ఈ నారింజ వెలుగుకి మూలం. దీని చుట్టమైన లాజురైట్‌లో, అంటే లాపిస్ లాజులి రాయిలో, గంధకం మూడేసి చొప్పున ఉంటుంది. అది వెలుగునివ్వదు, ఆ రాయికి గాఢమైన నీలం రంగునిస్తుంది. రెండు గంధకాలైతే నారింజ వెలుగు, మూడైతే నీలి రంగు. సోడలైట్‌లోనే హాక్‌మనైట్ అనే రకం ఉంది. దానికి షార్ట్‌వేవ్ తగిలితే ఒంటి రంగే గులాబీగానో ఊదాగానో మారి, మామూలు వెలుతురులో మళ్లీ పాలిపోతుంది. దాని గురించి చెప్పాలంటే ఒక పూట పడుతుంది, ఇవాళ వదిలేస్తాను.

లైట్లు వేయకండి. ఈ లాంగ్‌వేవ్ లాంప్‌నే బెనిటోయిట్ మీదికి తిప్పుతున్నాను. చూడండి, నీలి వెలుగు లేదు. 365 నానోమీటర్ల కాంతికి 3.4 ఎలక్ట్రాన్ వోల్టులే. ఆక్సిజన్ నుంచి టైటానియానికి ఎలక్ట్రాన్‌ని ఎక్కించడానికి అది చాలదు. ఇప్పుడు మళ్లీ షార్ట్‌వేవ్. వెలిగింది. లాంప్‌కీ రాయికీ మధ్య ఈ మామూలు గాజు పలక అడ్డం పెడుతున్నాను. ఆరిపోయింది! గాజు మన కంటికి పారదర్శకం, కానీ 254 నానోమీటర్ల కాంతికి అది గోడే. తీశాను, మళ్లీ వెలుగుతోంది. లైట్లు వేయండి.

ఈ గాజు సంగతి తెలియక నేను ఒకప్పుడు చాలా బాధపడ్డాను. మొదటిసారి బెనిటోయిట్ ముక్క కొన్నప్పుడు నా దగ్గర ఊదా రంగు టార్చి ఒకటే ఉండేది, 395 నానోమీటర్లది. రాయి మీద వేస్తే ఏమీ లేదు. నకిలీ రాయి అంటగట్టారని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. తర్వాత ఒక మిత్రుడు షార్ట్‌వేవ్ లాంప్ తెచ్చాడు. రాయి గాజు డబ్బాలో ఉంది. మూత పైనుంచి వేశాం, అప్పుడూ లేదు. మూత తీశాక వెలిగింది. అందుకే చెబుతున్నాను. మీరు రాయిని పరీక్షించేటప్పుడు లాంప్ మీద 254 అని ఉందో లేదో చూసుకోండి, రాయికీ లాంప్‌కీ మధ్య గాజు లేకుండా చూసుకోండి.

జాగ్రత్త కూడా చెప్పాలి. షార్ట్‌వేవ్ కాంతి కంటికి కనిపించదు, కానీ కంటిని కాల్చేస్తుంది. అప్పటికి ఏమీ తెలియదు, కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. చర్మాన్నీ కమిలిస్తుంది. పాలీకార్బొనేట్ కళ్లద్దాలు లేకుండా ఎవరూ వాడొద్దు, లాంప్‌ని మనిషి వైపు తిప్పొద్దు. పిల్లలుంటే మరీ జాగ్రత్త.

లాంప్ లోపల ఉండేది పాదరసం ఆవిరి. విద్యుత్తు పంపితే అది 254 నానోమీటర్ల కాంతినిస్తుంది. ఇళ్లలో పాతరకం ట్యూబ్‌లైట్ లోపలా ఇదే జరుగుతుంది. కాకపోతే ట్యూబ్ గోడకి పూసిన పొడి ఆ కాంతిని మింగి తెల్లటి వెలుగుగా మారుస్తుంది. అదీ ప్రతిదీప్తే. విచిత్రమేమిటంటే, బెనిటోయిట్ దొరికిన శాన్ బెనిటో కౌంటీ అంతకు ఎంతో ముందే, 1850ల నుంచే, పాదరసానికి పేరుపొందింది. న్యూ ఇడ్రియా గని అక్కడిదే. రాయీ, దాన్ని వెలిగించే లోహమూ ఒకే కొండల్లో ఉన్నాయి.

రత్నం స్థాయి బెనిటోయిట్ చెప్పుకోదగ్గంతగా దొరికింది ఆ ఒక్క చోటే. జపాన్‌లోనూ, ఇంకొన్ని చోట్లా ఖనిజం దొరికినా సానబట్టేంత రాళ్లు రాలేదు. 1985లో కాలిఫోర్నియా దీన్ని తన రాష్ట్ర రత్నంగా ప్రకటించింది. అక్కడ తవ్విన మట్టినీ రాళ్లనీ చీకట్లో షార్ట్‌వేవ్ లాంప్ కింద పరిచి, వెలిగిన ముక్కలను ఏరుకుంటారు. పగలు కంటికి ఆనని బియ్యపు గింజంత ముక్క కూడా చీకట్లో తప్పించుకోలేదు. తెల్ల నాట్రోలైట్ లోపల ఇరుక్కున్నవాటిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడతారు. నాట్రోలైట్ కరిగిపోతుంది, బెనిటోయిట్‌కి ఏమీ కాదు.

ఇక్కడితో నా మాట అయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: ఈ వెలుగు చూసి నీలానికీ దీనికీ తేడా చెప్పేయొచ్చాండీ?)

చాలావరకు చెప్పొచ్చండీ, కానీ దాని మీదొక్కదాని మీదే ఆధారపడకండి. సహజమైన నీలంలో ఇనుము ఉంటుంది కాబట్టి సాధారణంగా షార్ట్‌వేవ్ కింద వెలగదు. కానీ బాగా వేడి చేసిన నీలాలు కొన్ని సున్నం పూసినట్టు పాలిపోయిన వెలుగు చూపిస్తాయి. అందుకని ఇంకో పరీక్ష కూడా చేయండి. భూతద్దంతో రాయి పైనుంచి చూసి, వెనక వైపు సానబట్టిన అంచులు ఎలా ఉన్నాయో గమనించండి. బెనిటోయిట్‌లో ఒక్కో గీత రెండు గీతలుగా కనిపిస్తుంది. కాంతిని రెండుగా చీల్చే గుణం దీనికి 0.047, నీలానికి 0.008 మాత్రమే. పైగా నీలం కాఠిన్యం 9, దీనిది 6 నుంచి 6.5. గీసి మాత్రం చూడకండి, రాయి పాడవుతుంది.

(మరొక శ్రోత: ఎక్కువసేపు లాంప్ కింద ఉంచితే రాయిలో వెలుగు అయిపోతుందా సార్?)

అయిపోదమ్మా. ఎలక్ట్రాన్ వెళ్తుంది, వస్తుంది, ఎక్కడున్నది అక్కడికే చేరుతుంది. ఖర్చయ్యేది ఏమీ లేదు. దీని వెలుగు ఎంత నమ్మకమైనదంటే, ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ అనే యంత్రాల్లో ఎలక్ట్రాన్ పుంజం సరిగ్గా ఎక్కడ పడుతోందో చూసుకోవడానికి చిన్న బెనిటోయిట్ ముక్కని పెట్టుకుంటారు. పుంజం తగిలిన చోట నీలి చుక్క వెలుగుతుంది. అరిగేది లాంప్ ముందుండే ఫిల్టరమ్మా. పాత రకం షార్ట్‌వేవ్ ఫిల్టర్లు వాడగా వాడగా ఆ కాంతిని ఆపేయడం మొదలుపెడతాయి. మీ దగ్గర రాయి వెలుగు తగ్గినట్టు అనిపిస్తే ఫిల్టర్ మార్చి చూడండి. రండి, కళ్లద్దాలు పెట్టుకుని ముందుకి రండి, లాంప్ మీ చేతికే ఇస్తాను.